కలివి కోడిని వెతికే పని ఊళ్లకు ఇవ్వండి: అటవీ శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రధాన ముఖ్య అటవీ సంరక్షణాధికారి గారికి, వన్యప్రాణి విభాగం అధికారులకు, కడప జిల్లా లంకమల అడవి చుట్టూ పనిచేసే రేంజి, బీటు సిబ్బందికి నమస్కారం.

2025 ఆగస్టులో కలివి కోడి (రాత్రిపూట పొదల మధ్య నేల మీద తిరిగే అరుదైన పక్షి, ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్) కూత మళ్లీ రికార్డయిందన్న వార్త మా బద్వేలు వైపు రెండు రకాలుగా వినబడింది. పిట్టలంటే ఇష్టమున్నవాళ్లు దాన్ని ఫోన్లలో ఒకరికొకరు పంపుకుని సంబరపడ్డారు. అడవి అంచున పొలం ఉన్నవాళ్లు, జీవాలు ఉన్నవాళ్లు మాత్రం "మళ్లీ మొదలైందా" అన్నారు. పదిహేనేళ్లకు పైగా ఖాయమైన ఆచూకీ లేని పక్షి బతికే ఉందని తెలిసిన రోజున, దానికి అందరికన్నా దగ్గరగా బతికే మనుషులు దిగులు పడ్డారు. ముందుగా మీ దృష్టికి తేవాల్సింది ఆ దిగులునే అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

అడిగేది దాచకుండా మొదటే చెబుతాను. కలివి కోడిని వెతికే పని, కనిపెట్టుకుని ఉండే పని లంకమల చుట్టూ ఉన్న ఊళ్ల మనుషులకు జీతం ఇచ్చి, గుర్తింపు కార్డు ఇచ్చి అప్పగించండి. కూత వినబడింది కదా అని కంచెలు వేసి, జీవాలను మొత్తంగా బయటికి తోలి, ఖాళీ కనబడిన చోటల్లా మొక్కలు నాటే ఆలోచన ఏదైనా ఉంటే దాన్ని ఆపండి. నాకు తెలిసినంతలో ఈ రెండూ ఒకే విషయానికి రెండు వైపులు. అదెలాగో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఈ పక్షి సంగతి శాస్త్ర లోకానికి చెప్పింది థామస్ జెర్డాన్ అనే సైనిక వైద్యుడు. నెల్లూరు, కడప సీమల్లో తిరిగినవాడు. 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ తర్వాత బ్లాన్‌ఫోర్డ్ అనే ఆయన గోదావరి లోయలో, సిరోంచ, భద్రాచలం ప్రాంతాల్లో చూశాడు. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూశాడు. అంతే, ఆ తర్వాత 86 ఏళ్లు ఎవరికీ కనబడలేదు. పక్షి శాస్త్రంలో సలీం అలీ అంతటివాడు వెతికించినా దొరకలేదు. విదేశీ నిపుణులు కలిసి వచ్చిన బృందాలూ వట్టి చేతులతోనే వెళ్లాయి. పక్షుల పుస్తకాల్లో దాన్ని అంతరించిపోయినవాటి వరసలోకి చేర్చేశారు.

ఇంతమందికి దొరకని పక్షి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లెకు చెందిన ఐతన్న అనే వేటగాడికి దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు అంతకు ముందే ఊళ్లలో దాని బొమ్మలు చూపించి, ఇది ఎవరికైనా తెలుసా అని అడుగుతూ తిరిగారు. ఆ పనిలో ఉన్న శాస్త్రవేత్త భరత్ భూషణ్. ఆయన చేసిన గొప్ప పని నా లెక్కలో ఆ అడగడమే. అంతకు ముందు వచ్చినవాళ్లు చాలావరకు పగటిపూట వెతికారు. కలివి కోడి పగలు పొదల నీడలో మట్టిరంగులో కలిసిపోయి కూర్చుంటుంది. పొద్దు గుంకినాకే లేస్తుంది. రాత్రిపూట బ్యాటరీ లైటు పట్టుకుని ఆ కంపల్లో తిరిగే అలవాటున్న మనిషికి తప్ప ఇంకెవరికి కనబడుతుంది? లైటు వెలుగు కళ్లలో పడి నిలబడిపోయిన పక్షిని ఐతన్న చేత్తో పట్టుకున్నాడు. పాపం అది కొద్ది రోజులే బతికింది. విషయం తెలిసి సలీం అలీ అంత వయసులోనూ బయల్దేరి వచ్చారు కానీ ఆయన చేరేసరికే అది చనిపోయింది. మరుసటేడు, 1987లో, ఆయనా పోయారు.

1988లో దేశం ఈ పక్షి మీద తపాలా బిళ్ల వేసింది. అదే ఏడాది శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. అంటే ఒక ఊరి వేటగాడి చూపు వల్ల 460 చదరపు కిలోమీటర్లకు పైగా అడవికి రక్షణ వచ్చింది. మన రాష్ట్రంలో ఇలాంటి మాట ఇంకో అడవి గురించి చెప్పగలమేమో నాకైతే గుర్తుకు రావడం లేదు.

2000 తర్వాత పి. జగన్నాథన్ అనే పరిశోధకుడు, ఆయనతో పాటు మన దేశపు, బ్రిటన్ శాస్త్రవేత్తలు ఇక్కడ ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్ల పద్ధతులు వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పక్షి కళ్లకు చిక్కదు కాబట్టి దాని అడుగులకు వల వేశారు. పొదల నడుమ బాటల మీద మెత్తటి మట్టిని పట్టీల్లా పరిచి, తెల్లారి వచ్చి వాటి మీద పడిన కాలిముద్రలు కొలిచేవారు. దానంతట అదే ఫొటో తీసుకునే కెమెరాలు పెట్టారు. దాని కూత రికార్డు చేశారు. పొద్దు గుంకిన ముప్పావుగంట తర్వాత ఎప్పుడో మొదలై, కొద్ది నిమిషాలు రెండేసి అక్షరాలుగా సాగి ఆగిపోయే కూత అది. ఆ కాసేపు తప్పితే ఇక ఆ రాత్రికి వినబడుతుందన్న నమ్మకం లేదు. ఆ కాసేపట్లో అక్కడ ఉండాల్సింది ఎవరు? సాయంత్రం ఐదుకు జీపెక్కి కడపకు తిరిగి వెళ్లాల్సిన ఉద్యోగా, ఆ వేళకు జీవాలను తోలుకుని ఇంటికి నడిచే కాపరా?

ఆ శాస్త్రవేత్తల పరిశోధనలో మనకు అన్నిటికన్నా పనికొచ్చేది పొదల లెక్క. రెండు మీటర్ల కన్నా ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, అంతకన్నా చిన్నవి వెయ్యి లోపు ఉన్న చోట్ల ఈ పక్షి జాడ ఎక్కువగా దొరికింది. మన లెక్కలో చెప్పాలంటే ఎకరాకు సుమారు 120 నుంచి 280 పెద్ద పొదలు. అంతకన్నా పలచనైతే దానికి చాటు ఉండదు. మరీ చిక్కనైతే నడవడానికి నేల ఉండదు. ఎగరగలిగినా ఇది నేల మీద పరుగెత్తి పురుగూ చెదా ఏరుకుని తినే పక్షి. పొదకూ పొదకూ నడుమ బోసి నేల కావాలి.

ఇప్పుడు ఆ బోసి నేల ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించండి. మా వైపు కలివి, రేగు, తుమ్మ పొదలు వాటంతట అవే అంత కొలతగా నిలబడి ఉండవు. తరాలుగా మేకలు మేశాయి. కాపరులు మండ కొట్టారు. ఆడవాళ్లు కట్టెలు తెచ్చుకున్నారు. ఎద్దులు, బర్రెలు నడిచి బాటలు పడ్డాయి. ఈ వాడకం అంతా కలిసి ఆ చిట్టడవికి ఒక రూపం ఇచ్చింది. కలివి కోడి ఆ రూపంలో బతుకుతోంది. మేకలు మరీ ఎక్కువైతే పొదలు మోడులవుతాయి, నిజమే. ఆ హద్దు దాటిన చోట్లు నేనూ చూశాను. కానీ మేకలు అసలే రాని చోట పొద పొద కలిసిపోయి మనిషి కూడా దూరలేని కంప అవుతుంది. పరిశోధకులు కూడా మేపు, కట్టెల నరుకుడు మారితే ఈ పక్షి నివాసం ఎటు మారుతుందో చూసుకోవాలనే చెప్పారు. మేపు హద్దులో ఉండాలి, పూర్తిగా ఆగకూడదు. ఈ మాట ఆఫీసులో ఉత్తర్వుగా రాయడం కష్టమని నాకు తెలుసు. 'నిషేధం' అని రాయడం తేలిక. 'ఈ గుట్ట దగ్గర ఈ ఏడాది ఇన్ని జీవాలు, పక్క గుట్టకు సెలవు' అని రాయాలంటే ఆ గుట్టలు తెలిసినవాళ్లతో కూర్చోవాలి. అలా కూర్చోండి అనే అడుగుతున్నాను.

మొక్కలు నాటడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దేశపు బీడు భూముల అట్లాసులో పొదలున్న భూమిని కూడా బీడు కింద లెక్కగట్టారు. ఆ లెక్క పట్టుకుని కంపా నిధులు (పోయిన అడవికి బదులు మొక్కలు పెంచడానికి ఇచ్చే డబ్బు) వచ్చినప్పుడల్లా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ గుంతలు తవ్వి మొక్కలు పెట్టే అలవాటు దేశమంతా ఉంది. వర్షాకాలంలో వనమహోత్సవం ఫొటోలకు పచ్చటి మొక్క బాగుంటుంది, పొదల మధ్య ఎర్రమట్టి బాగుండదు. కలివి కోడికి మాత్రం ఆ ఎర్రమట్టే కావాలి. లంకమల అంచున, పాలకొండల వాలుల్లో, వెలిగొండల కింద ఇలాంటి చిట్టడవి ఎక్కడుందో గుర్తించి అక్కడ మొక్కలు నాటబోమని, కందకాలు తవ్వబోమని మీ వర్కింగ్ ప్లానులో ఒక వాక్యం రాయించండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక దిగులు సంగతి. మా వైపు కలివి కోడి పేరెత్తితే ముందు గుర్తొచ్చేది తెలుగుగంగ కాలువ. 2005లో కాలువ తవ్వే యంత్రాలు అనుమతి లేకుండా అభయారణ్యం లోపలికి వచ్చేశాయి. పక్షి మీద పనిచేస్తున్న పరిశోధకులు గమనించి చెప్పారు, మీ శాఖ పని ఆపించింది, విషయం సుప్రీంకోర్టు వేసిన సాధికార కమిటీ దాకా పోయింది, చివరికి కాలువ దారి మార్చాల్సి వచ్చింది. పక్షి నివాసం కోసం రైతుల భూములు సేకరించే పని కూడా నడిచింది. మీ శాఖ చేసింది సరైన పనే. ఆ రోజు ఆపకపోయి ఉంటే ఇవాళ ఈ వార్తే ఉండేది కాదేమో.

కానీ నీళ్లు లేని సీమ ఇది. ఇక్కడ కాలువ అనే మాటకు ఉన్న బరువు మీకు తెలుసు. "ఒక్క పిట్ట కోసం నీళ్లు ఆపినారు" అనే మాట పల్లెల్లో అప్పటి నుంచి అలా తిరుగుతూనే ఉంది. కాలువ ఆలస్యానికి కారణాలు ఎన్నున్నా, ఆ నింద మొత్తం ఎవరూ చూడని ఆ పక్షి నెత్తిన పడింది. భూమి పోయినవాళ్లకు పరిహారం గురించి మాట్లాడిన ఆఫీసు ఉంది కానీ, ఆ భూమి ఎందుకు కావాలో, అక్కడ ఏం బతుకుతుందో ఊరి చావిడిలో కూర్చుని చెప్పినవాళ్లు బహు తక్కువ. నష్టం ఊరికి పంచి, లాభం పత్రికల్లో వార్తగా మిగిలింది. ఒక పక్షి వల్ల ఊళ్లో ఒక్క ఇంటికైనా నెల జీతం వచ్చి ఉంటే, "మళ్లీ మొదలైందా" అనే మాట ఇవాళ ఇంత గట్టిగా వినబడేది కాదని నా నమ్మకం.

అడవి అంచు పట్టా భూముల్లో కూడా ఈ పొదలు ఉన్నాయి. బోరు పడితే చాలు, జేసీబీ వచ్చి రెండు రోజుల్లో పొదలన్నీ ఊడబెరికి నిమ్మ, బత్తాయి పెట్టేస్తుంది. రైతును తప్పు పట్టను. పొదల వల్ల వాడికి వచ్చేది ఏమీ లేదు. పొదలు అలాగే ఉంచిన రైతుకు ఎకరాకు ఏటా కౌలు లాంటిది ఇచ్చే పద్ధతి పెట్టండి. భూమి కొనక్కర్లేదు, కోర్టుకు పోనక్కర్లేదు. పొదలు ఉన్నన్నాళ్లు కౌలు, పీకేసిన రోజు ఆపేయడం. ఇలాంటిది చేయాలంటే రెవెన్యూ శాఖ, వ్యవసాయ శాఖ కలవాలి, మీరొక్కరే చేయలేరు. అడగాల్సింది మాత్రం మీరే.

ఇప్పుడు అసలు చిక్కు. ఎర్రచందనం.

లంకమల ఎర్రచందనం అడవి. దొంగలు, కూలీలు, టాస్క్‌ఫోర్స్, కూంబింగ్, కేసులు, ఇవన్నీ మాకు రోజువారీ మాటలు. దీని వల్ల జరిగిందేమిటంటే, రాత్రిపూట అడవి అంచున బ్యాటరీ లైటుతో కనబడిన ప్రతి మనిషీ అనుమానితుడయ్యాడు. మామూలుగా తప్పిపోయిన మేకను వెతకబోయినవాడు కూడా లైటు ఆర్పుకుని నడవాల్సిన పరిస్థితి. మీ సిబ్బందిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. గొడ్డళ్లు పట్టుకుని గుంపులుగా వచ్చేవాళ్లను చీకట్లో ఎదుర్కొనే బీట్ ఆఫీసరు ప్రతి లైటునూ అనుమానించక ఏం చేస్తాడు? కానీ ఫలితం చూడండి. 1986లో ఈ పక్షిని కనిపెట్టిన విద్య, అంటే రాత్రి నడక, చీకట్లో చెవి, కంపల్లో బాట తెలియడం, ఇవాళ ఒక నేరపు వాసన అంటుకున్న విద్య. అది తెలిసిన పెద్దవాళ్లు ముసలివాళ్లైపోయారు. వాళ్ల పిల్లలకు నేర్పే దారి లేదు. రాత్రి అడవిలోకి నిర్భయంగా పోగలిగేది ఇప్పుడు ఇద్దరే, మీ సిబ్బంది, దొంగలు.

పదిహేనేళ్లకు పైగా పక్షి ఎందుకు వినబడలేదు అంటే దాని సంఖ్య తగ్గడం ముఖ్య కారణం అయ్యుండొచ్చు. ప్రపంచం మొత్తం మీద 250 లోపే ఉంటాయని అంచనా. అయితే వినే చెవులు తగ్గడం కూడా అందులో ఒక పాలు కాదా అని నా అనుమానం. నిపుణులు యంత్రాలు పెట్టారు, నెలల కొద్దీ రికార్డు చేసే పరికరాలు పెట్టారు, అవి కావాల్సిందే. కానీ ఒక యంత్రం తన చుట్టూ ఉన్న కొద్ది మేరే వింటుంది. అదే ముప్పై నలభై పల్లెల్లో, ఊరికి ఇద్దరు చొప్పున, కూత గుర్తుపట్టగలిగిన మనుషులు ఉంటే?

అందుకే అడుగుతున్నాను. అట్లూరు, గోపవరం, సిద్ధవటం, బద్వేలు మండలాల్లో అడవి అంచు ఊళ్ల నుంచి మనుషులను తీసుకోండి. కాపరులు, పాత వేటగాళ్లు, కట్టెలకు పోయే ఆడవాళ్లు. చదువు సర్టిఫికెట్టు అడగవద్దు. ఎర్రచందనం కాపలాకు మీరు ఇప్పటికే స్థానికులను వాచర్లుగా, బేస్ క్యాంపుల్లో పెట్టుకుంటున్నారు. ఆ ఏర్పాటులోనే ఇంకో రకం మనిషిని చేర్చండి, చెట్టును కాసేవాడితో పాటు కూతను వినేవాడు. వాళ్లకు రేంజి ఆఫీసు సంతకంతో కార్డు ఉండాలి, ఏ రాత్రి ఏ బాటలో ఉంటారో బేస్ క్యాంపుకు ముందే తెలిసి ఉండాలి. ఇది వాళ్ల ప్రాణాల సంగతి కూడా. చీకట్లో టాస్క్‌ఫోర్స్ వాళ్లకూ వీళ్లకూ మధ్య పొరపాటు జరగకూడదు.

పని ఏమిటంటే, పొద్దు గుంకేటప్పటికి చెప్పిన చోట కూర్చుని గంటన్నర వినడం, వినబడితే ఫోన్లో రికార్డు చేయడం, చోటు గుర్తు పెట్టడం. వినబడకపోతే వినబడలేదనే రాయడం. ఆ రెండోది కూడా సమాచారమేనని మొదటి రోజే నేర్పాలి. లేకపోతే జీతం పోతుందేమోనన్న భయంతో తీతువు కూతనే కలివి కోడి కూతగా రాసేస్తారు. జీతం విన్నందుకు కాదు, కూర్చున్నందుకు ఇవ్వాలి. రికార్డులను పక్షి నిపుణులు విని తేల్చాలి. తేల్చిన తర్వాత ఆ సంగతి కూర్చున్న మనిషికి తిరిగి చెప్పాలి. మన దగ్గర సర్వేలన్నీ ఇక్కడే చెడతాయి. వివరాలు తీసుకున్నవాడు మళ్లీ ఊరి ముఖం చూడడు.

ఇంకొకటి. రికార్డు చేసిన కూతను స్పీకర్లో పెట్టి పక్షిని పిలిచే పద్ధతి శాస్త్రవేత్తల చేతుల్లో, కొలతగా వాడితే పనికొచ్చింది. అందరి చేతుల్లోనూ పడితే కీడు. తన చోటులోకి ఇంకో పక్షి వచ్చిందని అది పదే పదే జవాబిస్తూ, తిండి మాని తిరుగుతూ అలసిపోతుంది. ఇప్పటికే ఫొటోల కోసం బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ నుంచి కార్లు బయల్దేరే ఉంటాయి. పక్షి ఉన్న చోటు బయటికి పొక్కకుండా చూసుకోండి. దయచేసి "కలివి కోడి పర్యాటకం" అని బోర్డు పెట్టి నైట్ సఫారీ మొదలుపెట్టకండి. శివరాత్రికి నిత్యపూజయ్య కోనకు వచ్చే జనాన్ని అదుపు చేయడానికే ఎంత కష్టమో మీకు తెలుసు, వాళ్లైనా ఏడాదికి ఒకసారి దేవుడి కోసం వస్తారు. నేల మీద గుడ్డు పెట్టే పక్షి దగ్గరికి రోజూ రాత్రి జీపు లైట్లు వస్తే అది ఇంకెక్కడికి పోతుంది?

గుడ్డు మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ప్రపంచంలో ఈ పక్షి గుడ్డు ఒకే ఒక్కటి ఉందని చెబుతారు. అది స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంది. 20వ శతాబ్దం తొలినాళ్లలో కోలారు బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించిన గుడ్లలో అదొకటి. ఎవరూ పట్టించుకోని ఆ గుడ్డును ఈ మధ్య కాలంలో డీఎన్‌ఏ పరీక్ష చేసి కలివి కోడిదేనని తేల్చారు. అంటే మనవాళ్లు ఇప్పటి వరకు దీని గూడు ఎలా ఉంటుందో, ఎన్ని గుడ్లు పెడుతుందో కళ్లారా చూసి రాసిపెట్టింది లేదు. ఏ నెలలో గుడ్లు పెడుతుందో తెలియకుండా ఏ నెలలో మేపు ఆపాలో ఎలా నిర్ణయిస్తాం? ఈ ప్రశ్నకు జవాబు ఏదో ఒక కాపరికి తెలిసే ఉండొచ్చు. ఎప్పుడో జీవాల వెంట పోతూ నేల మీద మచ్చల గుడ్డు చూసి, తొక్కకుండా పక్కకు తప్పుకున్నవాడు ఉండొచ్చు. బొమ్మలు పట్టుకుని 1985లో తిరిగినట్టు మళ్లీ తిరగండి. ఈసారి గుడ్డు బొమ్మ కూడా పట్టుకుని.

తిరగడం లంకమల దగ్గరే ఆపవద్దు. పాత ఆచూకీలు నెల్లూరు సీమ నుంచి అనంతపురం దాకా, అటు గోదావరి లోయ దాకా ఉన్నాయి. కోలారు గుడ్డు కర్ణాటక వైపు చూపిస్తోంది. 1986 తర్వాత దాదాపు వెతుకులాట అంతా దొరికిన చోటి చుట్టూనే జరిగింది. దొరికిన చోట వెతకడం సహజం, అక్కడే ఆగిపోవడం మాత్రం నష్టం. అనంతపురం, శ్రీసత్యసాయి, అన్నమయ్య, నెల్లూరు జిల్లాల అటవీ అధికారులకు (డీఎఫ్‌వోలకు) కూత రికార్డింగు పంపి, వాళ్ల బీటు సిబ్బందికి వినిపించండి. భద్రాచలం ఇప్పుడు తెలంగాణలో ఉంది కాబట్టి ఆ రాష్ట్ర అటవీ శాఖకు కూడా ఒక ఉత్తరం రాయండి. రెండు రాష్ట్రాలకు నీళ్ల దగ్గర, ఆస్తుల దగ్గర పేచీలు ఉన్నాయి. ఒక పిట్ట కూత పంచుకోవడానికి పేచీ ఉండదనుకుంటాను.

మీ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. జీపుకు డీజిల్ లేని రేంజిలు, ఖాళీగా పడి ఉన్న బీట్ పోస్టులు, ఎర్రచందనం దొంగల వెంట పరుగులు, వీటి మధ్య ఒక రాత్రి పక్షి గురించి ఆలోచించమనడం తేలికైన కోరిక కాదని తెలుసు. అందుకే కొత్త భవనం అడగడం లేదు, బంగారు పంజరం లాంటి పెంపక కేంద్రం అడగడం లేదు. కలివి కోడి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. పులిని లెక్కపెట్టడానికి మీరు నల్లమలలో చెంచులను వెంటబెట్టుకుంటారు. వాళ్లు లేకుండా ఆ అడవిలో జాడ పట్టడం అవదని మీ సిబ్బందే చెబుతారు. లంకమలలో ఆ మర్యాద మేకల కాపరికి ఎందుకు ఇవ్వకూడదు?

ఈ ఏడాదికి మూడు ఊళ్లతో మొదలుపెట్టినా చాలు. ఏ మూడు ఊళ్లో మీ బీటు సిబ్బందికే బాగా తెలుసు. ముందు గ్రామసభ పెట్టి, ఎవరి భూమీ తీసుకోబోమని, ఎవరి జీవాలనూ బందెల దొడ్డికి తోలబోమని రాతపూర్వకంగా చెప్పండి. ఆ కాగితం సచివాలయం గోడ మీద అంటించండి. తర్వాత కూత వినిపించి, ఇది ఎప్పుడైనా విన్నారా అని అడగండి. మొదట ఎవరూ నోరు విప్పరు. అటవీ శాఖ యూనిఫాం ముందు రాత్రి అడవిలో ఏం విన్నానో చెప్పడానికి ఎవరికి ధైర్యం వస్తుంది? అందుకని ఆ రోజు యూనిఫాం లేకుండా రండి.

ఇట్లు,
బద్వేలు ప్రాంత వాసి